పక్కగల్లీ వైపు చూసిన గణపతి

యాదమ్మ పోయిందన్న కబురు నాకు మొదట తెచ్చినవాడు సత్తెన్న. ధూల్‌పేట్‌లో మా రంగుల షెడ్డుకు వచ్చి, నా పక్కనే కూర్చుని బ్రష్ అందుకున్నాడు. అతని చొక్కాకున్న టర్పెంటైన్ వాసన నన్ను పనిలో చేరిన మొదటి ఏడాదిలోకి లాక్కుపోయింది.

అప్పట్లో షెడ్డు పెద్ద యాదమ్మ. విగ్రహాలకు కళ్లు దిద్దేది సత్తెన్న. నేను ఇంట్లో అమ్మ దగ్గరే చదువుకున్నదాన్ని. పక్కబెంచీ వాళ్లతో తగువు పడ్డ అనుభవం కూడా లేదు. ఒకరోజు ఉప్పుగూడ కుర్రాళ్లు తమ గణపతిని తీసుకుపోవడానికి వచ్చి, ఎదురుగా నిలబడి, తలలు గోక్కున్నారు.

"అమ్మా, మేం దండం పెడితే దేవుడు పక్కగల్లీ దిక్కు చూస్తుండు. గా గల్లీ పోరలు మస్తు ఖుష్ అయితరు."

యాదమ్మ వాళ్లకు చాయ్ పోయించి, ఆలోగా కళ్లు తానే సరిదిద్దింది. సత్తెన్న కళ్లు దిద్దాల్సినవి ఇంకా పన్నెండు విగ్రహాలున్నాయి. ఇది షెడ్డు యజమాని సేఠ్ కంటపడితే సత్తెన్న చేతిలో బ్రష్ లాక్కుని మట్టి కలపమంటాడు. అందుకే సత్తెన్నకు ముందు మేమే చెప్పాలంది. చెప్పాల్సింది నేనట.

"నేను చెప్తే హుకుం అయితది బిడ్డా. నువ్వు చెప్తే ముచ్చట అయితది. ఎదురుంగ నిలబడకు. పక్కన కూసో, చేతిల పని పట్టుకో, ఒక్కటే మాట చెప్పు. చెప్పినంక ఊకో."

దేవుడికి దండం పెట్టుకుని వెళ్లి కూర్చున్నాను. ఎండ గురించి మాట్లాడాను, ఆయన కూతురి గురించి అడిగాను. చివరికి, గణపతి చెవులు చాలా బాగా కుదిరాయన్నాను.

"చెవులు అచ్చులనే వస్తయి చెల్లె," అన్నాడు సత్తెన్న.

అవతల యాదమ్మ దగ్గింది. "అన్నా, ఎడమకన్ను జర పక్కకు పోయింది," అనేశాను. ఆ తర్వాత ఊరుకోవడం ఉంది చూశారూ, అదే కష్టం. పది క్షమాపణలు నోటిదాకా వచ్చాయి. యాదమ్మ మళ్లీ దగ్గింది. నేను ఎలుక తోకకు మూడోసారి రంగు వేస్తున్నాను.

సత్తెన్న బ్రష్ కింద పెట్టాడు. "నాకెరుకే. ఉగాది సంది రెండు రెండు కన్పిస్తున్నయి. బ్రష్ గుంజుకుంటరని ఎవలకు చెప్పలే."

ఆ ఏడు నేను పెన్సిల్‌తో చుక్క పెడితే అతను కళ్లు దిద్దాడు. బ్రష్ అతని చేతిలోనే ఉంది. నిమజ్జనం కాగానే యాదమ్మే వెంట తీసుకెళ్లి శుక్లాల ఆపరేషన్ చేయించింది. కట్టు విప్పాక ఆమెను తేరిపార చూసి, ఇన్నాళ్లూ అక్క అందంగా ఉందనుకున్నానన్నాడట.

"గట్లయితే ఆపరేషన్ సరిగ్గ గాలే," అందట యాదమ్మ.

మొన్న నా పక్కన కూర్చున్న సత్తెన్న ఒక్కటే మాట చెప్పాడు: "అక్క పోయింది చెల్లె." చెప్పి ఊరుకున్నాడు. ఇద్దరం ఒకే విగ్రహానికి రంగు వేస్తూ ఉండిపోయాం. యాదమ్మలాంటి మనిషి దగ్గర పని నేర్పించినందుకు ఆ దేవుడికి రుణపడి ఉన్నాను.

ఈ చవితికి మీరు దండం పెట్టినప్పుడు గణపతి సూటిగా మీవైపే చూస్తే, మా యాదమ్మను ఒక్కసారి తలచుకోండి.