సువార్తమ్మ గారి ఉమ్మడి వంటశాల

మా ఎదురింటివాళ్లు పాత మిద్దెకు మరమ్మతులు చేయిస్తున్నారు. పొద్దున కిటికీ తెరవగానే తడి సున్నం వాసన ఘాటుగా తగిలింది. ఆ వాసన వస్తే నాకు సువార్తమ్మ గారు గుర్తుకు వస్తారు. సున్నానికి పగిలిన ఆవిడ అరచేతులు గుర్తుకు వస్తాయి.

1950ల చివర్లో, కోట అనే ఊళ్లో నేను కొత్తగా చేరిన బడికి ఆవిడ హెడ్‌మిస్ట్రెస్. పెళ్లి చేసుకోలేదు. నేనూ మా ఆయనా కులాంతర వివాహం చేసుకున్నామని ఊళ్లో ఎవరూ ఇల్లు అద్దెకివ్వలేదు. బడి వరండాలో ట్రంకుపెట్టె మీద కూర్చుని ఏడుస్తుంటే ఆవిడ వచ్చి, "ఎవురో ఇల్లిచ్చేదాకా ఏడస్తా కూచుంటావా? మనమే కట్టుకుందాం లే" అన్నారు. ఓదార్పుకు అన్నారనుకున్నాను. ఆ వారంలోనే తండ్రి ఇచ్చిన మెట్టచేనుకు తీసుకెళ్లి, పుల్లతో నేల మీద ఇళ్లు గీసి చూపించారు. ఎవరి ఇల్లు వారిదే. నడుమ వాకిలి, బావి, వంటశాల మాత్రం అందరిదీ.

మాతోపాటు టైలర్ మస్తాన్ గారి కుటుంబం, మరో రెండు కుటుంబాలు చేరాయి. బావిలో నీళ్లు పడగానే ఆ రెండు కుటుంబాలూ తప్పుకున్నాయి. అందరూ ఒకే బావిలో చేద వేయడం వాళ్ల బంధువులకు గిట్టలేదు. ఖర్చంతా మిగిలిన మా మీద పడింది. వంటశాల మానేద్దామన్నారు మా ఆయన.

"అది లేకపోతే మనం ఉత్త ఇరుగుపొరుగే గదయ్యా. నా ఇంటికి ఒక్క గది చాల్లే, మిగతా గదులు లెక్కలోంచి కొట్టెయ్" అన్నారు సువార్తమ్మ గారు.

ఇటుకల బట్టీ ఆసామి ఇటుకలు ఆపేశాడు. ఆపి, తనే వచ్చాడు.

"నడిమధ్యన ఒక గోడ లేపండి టీచరమ్మా. మస్తాన్ వాళ్లు అటు, మీరిటు. రేపే బండ్లు తోలిస్తా."

"ఆ గోడ ఇటుకలు మీ కాడనే ఉంచుకోండయ్యా. మేం మట్టితో కట్టుకుంటాం."

అన్నట్టే కట్టాం. మస్తాన్ గారి భార్య, నేను, సువార్తమ్మ గారు చీరలు ఎగదోపి మట్టి తొక్కుతుంటే జనం గట్టు మీద నిలబడి నవ్వారు. ఆవిడ తల వంచలేదు. పైగా, "నవ్వింది చాలు, ఒక తట్ట అందుకోండి" అని కేకేశారు. గోడలకు సున్నం కూడా మేమే పూశాం.

గృహప్రవేశం నాడు నాయుడుపేట నుంచి ఆవిడ తమ్ముడు వచ్చాడు. గడప బయటే నిలబడి, "చేను పోగొట్టినావు, పరువు పోగొట్టినావు. ఇంక మా ఇంటికి రావద్దక్కా" అన్నాడు.

"ఎండన పడి వచ్చినావు. తిని పోరా."

అతను తినకుండానే వెళ్లిపోయాడు. ఆవిడ కళ్లలో నీళ్లు చూడడం నాకదే మొదటిసారి. కొంగుతో తుడుచుకుని గరిటె అందుకున్నారు.

"ఏమేం పోతాయో తెలిసే దిగినా. తెలిసినంత మాత్రాన నొప్పి తగ్గుద్దా? కూచోండి, వడ్డిస్తా."

తమ్ముడు మళ్లీ రాలేదు. ఆవిడ చివరిదాకా ఆ ఒక్క గదిలోనే ఉన్నారు. ఏనాడూ ఒంటరిగా అన్నం తినలేదు.

నలుగురి కోసం నేను ఏదైనా తలపెట్టినప్పుడు, ఏం పోతుందో చూసుకోమని చుట్టూ ఉన్నవాళ్లు నాకూ చెబుతారు. చూసుకుంటాను. భయమూ వేస్తుంది. ఆ తర్వాత కొంగు బిగించి దిగుతాను.