జేబులో హెడ్‌లైటు టోపీ

ఏళ్ల తరబడి నేనొక బరువు మోస్తున్నాను. దాని తూకం చెబితే నవ్వుతారు. కారు హెడ్‌లైటుకు వెనకవైపు, బల్బు పెట్టే బెజ్జం మీద నీళ్లు దూరకుండా బిగించే రబ్బరు టోపీ అది. కొబ్బరి చిప్పంత ఉంటుంది. అయినా ఒక్కోసారి అది నా గుండెమీద ఎక్కిందంటే బొగ్గు నింపిన గూడ్సు బండి, వెనకున్న గార్డు డబ్బాతో సహా ఎక్కినట్టే ఉంటుంది.

ఇదిగో, మొదలుపెట్టానో లేదో అప్పుడే పెంచేస్తున్నాను. నా రోగమే అది. దారిలో పిల్లి కనబడితే పులి అంటాను, ఆ పులికి ఓ పెళ్లాన్ని, గయ్యాళి అత్తను కూడా తగిలిస్తాను. మంచిర్యాలలో నేను హోటల్లోకి అడుగుపెడితే జనం ముందుగానే చాయ్ గ్లాసు కింద పెట్టేవారు, నవ్వితే ఒలుకుతుందని. ఆ నవ్వే ఒక మనిషి పేరు తినేసింది. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మీకెందుకు చెబుతున్నాను? మీరు నా మొహం ఎరగరనా? కావచ్చు.

మా అక్క భర్త, మా బావ, దుబాయిలో పనిచేసి వచ్చి ఓ పాత కారు కొన్నాడు. దసరాకు వారం ముందు దాని ఎడమ లైటు బల్బు మాడిపోతే సాయిలు మార్చాడు. బస్టాండు వెనక రేకుల షెడ్డులో కార్ల లైట్లు బాగుచేసేవాడు సాయిలు. పనిమంతుడే. కాకపోతే తన పనిని తానే మెచ్చుకునేవాడు. "నేను బిగిస్తే గోదారి పొంగినా సుక్క దూరది" అని వచ్చినవాడికల్లా చెప్పేవాడు. ఊరు కూడా నమ్మింది. ఆ నమ్మకమే అతని దుకాణానికి బోర్డు. వేరే బోర్డు లేదు.

పండుగనాడు బండి కడగడం బామ్మర్ది పని. కడిగి ఊరుకుంటే నేనెందుకవుతాను? సాయంత్రం జమ్మి దగ్గర బావ కారు సూర్యుడికి పోటీగా వెలగాలని కరీంనగర్ నుంచి తెల్లగా మెరిసే బల్బొకటి తెచ్చిపెట్టుకున్నాను. గోదావరి ఒడ్డున బానెట్ ఎత్తి, ఎడమ లైటు టోపీ పీకి, పాత బల్బు తీసి చూశాను. కొత్తది పట్టలేదు. పాతదే మళ్లీ పెట్టాను. టోపీ మాత్రం పాంటు జేబులో ఉండిపోయింది. ఆ తర్వాత కారుకు స్నానం మొదలైంది. బకెట్ల కొద్దీ పోశాను, పైనా కిందా, ఇంజను మీదా. కుంభమేళాలో సాధువుకు కూడా అంత స్నానం దొరికి ఉండదు.

ఇంటికొచ్చి బట్టలు మార్చుకుంటుంటే చేతికి టోపీ తగిలింది. కొత్త చొక్కా జేబులో వేసుకుని బయటికి ఉరికాను. అప్పటికే అక్క బానెట్ మీద అడ్డంగా బంతిపూల దండ వేసి, పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టేసింది. పూజయిన బండి బానెట్ జమ్మి అయ్యేదాకా ఎత్తరు, మా ఇంట్లో అదొక పట్టింపు. అయినా "అక్కా, దండ జర పక్కకు జరుపు, టోపీ మర్చిపోయిన" అంటే సరిపోయేది. ఒక్క మాట. ఎందుకనలేదు? పండుగపూట తిట్లు తినాలనా? ఊరందరి మతిమరుపు మీద కథలల్లేవాణ్ని, నా మతిమరుపు మీద నలుగురూ కథ అల్లుతారనా? రెండోదే అనుకుంటాను. ఎండకు అదే ఆరుతుందిలే అని నాకు నేను చెప్పుకున్నాను.

ఆరలేదు. పొద్దుగూకేవేళ జమ్మి దగ్గర బావ లైట్లు వేశాడు. కుడిది భగ్గుమంది. ఎడమదానికి లోపలంతా మంచు పట్టినట్టు ఆవిరి. అద్దం వెంట చుక్కలు జారుతున్నాయి, అడుగున నీళ్లు నిలిచి కదులుతున్నాయి. వెలుతురు గుడ్డిదీపమంత. నలుగురు గుమిగూడారు. సరిగ్గా అప్పుడే, దసరా బంగారమని పంచుకునే జమ్మి ఆకు బావ చేతిలో పెడదామని సాయిలు వచ్చాడు.

బావ దండ పక్కకు లాగి బానెట్ ఎత్తాడు.

"ఏం సాయిలూ, మొన్న నువ్వే గద బల్బు ఏసింది? టోపీ ఏదిరా?"

సాయిలు వంగి చూశాడు. మొహం పాలిపోయింది. "పెట్టిన సేటూ. బొటనేలుతోని సుట్టూ ఒత్తిన. నాకు మంచిగ యాదికున్నది."

"యాదికుంటే ఎటువాయె? రెక్కలొచ్చినయా?"

"గదే సమజైతలేదు."

నా చెయ్యి జేబు మీదికి పోయింది. టోపీ అక్కడే ఉంది. తీసి చూపించాలి. చూపించలేదు. దానికి బదులు నోరు తెరిచాను.

"ఊకో బావా. సుక్క దూరదన్నడు గని, దూరిన సుక్క బయటికి పోతదన్నడా? ఇది లైటు గాదు, అక్వేరియం. రేపు రెండు బొచ్చె చేపపిల్లలు తెచ్చి ఇడుద్దాం తియ్!"

జనం విరగబడి నవ్వారు. బావ కూడా నవ్వి చల్లబడ్డాడు. గొడవ ముదరకుండా నేనే సాయిలును కాపాడానని చాలాకాలం నన్ను నేను నమ్మించుకున్నాను. కాపాడింది ఎవరిని?

సాయిలు నవ్వలేదు. తెచ్చిన ఆకు బావ చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ కౌగిలి తీసుకున్నాడు. తర్వాత నా దగ్గరికి వచ్చాడు. గట్టిగా హత్తుకున్నాడు. మా ఇద్దరి రొమ్ముల మధ్య ఆ టోపీ నలిగింది.

"జేబుల ఏందన్నా, తాకుతాంది?"

"పూజ కొబ్బరి చిప్ప."

నా కళ్లలోకి చూశాడు. "పిల్లలకు పెట్టన్నా. ఎండిపోతది" అని వెళ్లిపోయాడు.

అతనికి తెలిసిందా? లైట్లనే పట్టి బతికిన చేతులకు, ఛాతీకి తగిలినదేమిటో తెలియదా? తెలిస్తే ఎందుకడగలేదు? అంత గుంపు నవ్వుతుంటే అడిగినా ఎవరు వింటారనా? ఈ ప్రశ్నలను ఎన్ని వైపులనుంచి తిప్పినా అడుగున అవే నీళ్లు కదులుతాయి.

మర్నాడు అతనే ఆ లైటు ఊడదీసి ఎండబెట్టాడు. లోపలి వెండిపూతకు మచ్చలు పడ్డాయి. ఎవరూ అడగకుండానే కరీంనగర్ పోయి కొత్త లైటు తెచ్చి, టోపీతో సహా బిగించి పోయాడు. అయినా ఊరు లైటును మరిచిపోయింది కానీ నా మాటను మరవలేదు. అతను అక్వేరియం సాయిలు అయ్యాడు. "చేపలు గుడ్లు పెట్టినయా?" అని షెడ్డు ముందు బండి ఆపి మరీ అడిగేవారు. అడిగి, బాగుచేయించుకోవడానికి మాత్రం ఇంకో షెడ్డుకు పోయేవారు. కొంతకాలానికి రేకులు విప్పుకుని ఆసిఫాబాద్ వెళ్లిపోయాడు.

పోయిన వానాకాలం నేనూ ఆసిఫాబాద్ పోయాను. చెప్పేయాలనే పోయాను. టోపీ కారు ముందు సొరుగులో ఉంది. చాయ్ బండి దగ్గర ఆగి, లైట్లు బాగుచేసే సాయిలు ఎక్కడని అడిగాను.

"అక్వేరియం సాయిలా? గా మలుపు కాడ సార్. ఆయన బిగిచ్చిన లైట్లకెళ్లి దసరా నాడు చేప బయటికి దుంకిందట. అర్ధకిలో బొచ్చె. ఎరికేనా?"

నాకంటే బాగా పెంచాడు. నేను నవ్వాను. అవును, నవ్వాను. అలవాటు. నా జోకే, నాకంటే ముందే ఊరు దాటి వచ్చి, అతని కొత్త గుమ్మం పక్కన కాపురం పెట్టింది.

మలుపు దగ్గర కారు ఆపాను. తలుపు తీయలేదు. షెడ్డులో సాయిలు కనిపించాడు. తల నెరిసింది. ఏదో లైటు ఒళ్లో పెట్టుకుని, టోపీ చుట్టూ బొటనవేలితో ఒత్తుతున్నాడు. ఒకసారి తిరిగాక మళ్లీ మొదటినుంచి. అంత జాగ్రత్త అతనికి ముందునుంచీ ఉందా, నేను నేర్పిందా? కారు వెనక్కి తిప్పాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. ఇవ్వాల్సిన మనిషి మీరు కారు. చెప్పాల్సిన చోట చెప్పలేక ఇక్కడ చెబుతున్నానని కూడా తెలుసు. కానీ జీవితంలో ఒక్క సంగతైనా ఉన్నంతే చెప్పాలనిపించింది.

టోపీ సాయిలు పెట్టాడు. తీసింది నేను.

ఇందులో పెంచిందేమీ లేదు.