సాయవ్వ చెప్పిన నొప్పి

1969లో నేను నిజామాబాద్‌లో చెవిటి పిల్లల బడిలో పనిచేస్తున్నాను. అద్దె ఇంట్లో రెండు గదుల బడి, పద్నాలుగు మంది పిల్లలు. దూరపు ఊళ్ల ఆడపిల్లలు వెనక వసారాలో ఉండేవారు. సాయంత్రమయ్యేసరికి నా గొంతు పూర్తిగా పోయేది.

మాకు ట్రైనింగ్‌లో నేర్పింది ఓరల్ మెథడ్. అంటే చెవిటి పిల్లకు నోటితో మాట్లాడటం, ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పోల్చుకోవడం నేర్పాలి. ముఖం ముందు కాగితం ముక్క పట్టుకుని ‘ప’ అంటే అది కదలాలి. నా గొంతు మీద పిల్ల వేళ్లు ఆనించి ‘బ’లోని అదురు తెలియజేయాలి. అలా రోజుకు ఎన్నిసార్లో. సైగలు మాత్రం కూడదు. చేతులు అలవాటైతే నోరు కదలదని మాకు చెప్పారు, మేమూ నమ్మాం. సైగ చేసిన పిల్ల అరచేతులు తొడల కింద పెట్టుకుని కూర్చోవాలి. ఆ శిక్ష నేనూ వేసేదాన్ని.

సాయవ్వ రుద్రూర్ పక్క పల్లెలో చెరకు రైతు బిడ్డ. తొమ్మిదేళ్లది, పుట్టు చెవుడు. ఏడాదిన్నర తంటాలు పడితే దానికి వచ్చిన మాట ఒక్కటే, ‘బాపు’, అంటే నాన్న. అదీ నాకూ వాళ్ల నాన్నకూ తప్ప మరొకరికి అర్థమయ్యేది కాదు.

చెరకు నరుకుతున్న రోజులవి. ఒకరోజు క్లాసులో సాయవ్వ నా దగ్గరికి వచ్చి, కడుపు మీద పిడికిలి పెట్టి తిప్పింది. ఆకలి అనుకున్నాను. నోటితో చెప్పమని పెదాలు చూపించి, చేతులు కింద పెట్టించాను. మర్నాడు అది ఎవరూ చెప్పకుండానే చేతుల మీద కూర్చుంది. బుద్ధి వచ్చిందనుకున్నాను. మధ్యాహ్నానికి చెమటలు పట్టి, వాంతి చేసుకుని బల్ల మీద వాలిపోయింది.

రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్లాను. తోడుగా మా బడిలోనే చదివే రాజమణి వచ్చింది. బాల్కొండ పిల్ల, పద్నాలుగేళ్లు. ఆరేళ్లప్పుడు జ్వరంలో చెవులు పోయాయి కాబట్టి మాట నిలిచింది, వసారాలో పిల్లల దగ్గర సైగలూ నేర్చుకుంది. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఎక్కడ మొదలైంది అని డాక్టరమ్మ అడిగింది. నేను నోరు పెద్దగా తెరిచి ఒక్కొక్క మాటే సాయవ్వకు చెప్పాను. అది నా పెదాల వంకే చూసి ‘బాపు’ అంది. మళ్లీ అడిగాను. మళ్లీ ‘బాపు’ అంది. నేను ఒప్పుకునే మాట దాని దగ్గర అదొక్కటే ఉంది.

దాని చేతులు పట్టుకుని పైకి తీశాను, చెప్పమన్నాను. భయంతో వెనక్కి లాక్కుంది. అప్పుడు నా పెదాలు చూసిన రాజమణి ముందుకు వచ్చి అదే ప్రశ్న సైగలతో అడిగింది. సాయవ్వ నా వంక ఒకసారి చూసి, చేతులతో గబగబా చెప్పింది.

“మొన్నటిసంది నొస్తుందట టీచర్. ముందు బొడ్డుకాడ, ఇప్పుడు కుడిదిక్కు” అంది రాజమణి. నా వైపు తిరిగి, “నిన్న మీకు చెప్పింది. మీరు చేతులు కింద పెట్టుమన్నరు” అంది.

అపెండిక్స్ అని, ఇంకా ఆలస్యమైతే పిల్ల దక్కేది కాదని డాక్టరమ్మ చెప్పి వెంటనే ఆపరేషన్ చేసింది. సాయవ్వ బతికింది.

మర్నాడు తండ్రి నర్సయ్య వచ్చాడు. మంచం పక్కన కూర్చుని బిడ్డతో చేతులతో మాట్లాడటం మొదలుపెట్టాడు. అది ఎద్దుల గురించి అడిగినట్టుంది, ఆయన కొమ్ములు చూపించి నవ్వాడు. ఏడాదిన్నరలో నేను ఆ పిల్లతో అంత మాట్లాడలేదు. జరిగిందంతా ఆయనకు చెప్పాను, నా తప్పు కూడా. ఆయన బిడ్డ దుప్పటి సరిచేసి నా వైపు తిరిగాడు.

“ఇంట్ల మేమంత గిట్లనే మాట్లాడుకుంటం టీచరమ్మా. నేనున్ననాడు దీని చేతులు నేను సదువుత. నేను లేనినాడు ఎవలు సదువుతరు? గందుకే నోటిమాట రావాలని తోలిన.”

దాని చేతులు చదివేవాళ్లు ఇంకా కొందరు తయారవ్వాలనిపించింది. సాయవ్వ కోలుకున్నాక పక్కనున్న మామూలు ప్రైమరీ బడి హెడ్మాస్టరు గారిని బతిమాలి, నాలుగో తరగతికి సైగలు నేర్పడానికి శనివారం చివరి పీరియడ్ అడిగి తీసుకున్నాను. రాజమణి నోటితో వివరించేది, సాయవ్వ చేతులతో నేర్పేది. వెనక బెంచీలో కూర్చుని నేనూ నేర్చుకున్నాను. పిల్లలు మొదటి వారం వెక్కిరించారు, రెండో వారం నవ్వారు, మూడో వారానికి టీచరు చూడకుండా దూరం నుంచి మాట్లాడుకోవడానికి ఇది పనికొస్తుందని కనిపెట్టారు. ఆ తర్వాత ఎవరూ మానలేదు.

రెండేళ్లు నడిచింది. హెడ్మాస్టరు గారు బదిలీ అయ్యారు, కొత్తాయన పరీక్షలు ముఖ్యమన్నారు. మా బడిలో రూలు మారలేదు. తలుపు వేసుకుని సైగలతో పాఠం చెప్పేదాన్ని, ఇన్‌స్పెక్షన్ రోజు పిల్లలను చేతులు కట్టుకుని కూర్చోబెట్టేదాన్ని. పోట్లాడే ఓపిక నాకు లేకపోయింది. అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

బడి వదిలి ఇంటికి చేరిన సాయవ్వను చూడటానికి 1974లో వాళ్ల ఊరు వెళ్లాను. ఊరి బడి పంతులుకు చెప్పి నర్సయ్య బిడ్డను సైగలు నేర్పడానికి రోజూ ఒక గంట అక్కడికి పంపుతున్నాడు. పది పన్నెండు మంది పిల్లలు దానితో చేతులతో మాట్లాడుతున్నారు. అంతకంటే ఎక్కువేమీ జరగలేదు.

పిల్లకు మాట రావడం లేదని రిజిస్టరులో రాసే ముందు, అది ఇప్పటికే చెబుతున్నది నాకు అర్థమవుతోందా అని చూసుకోవాలి. అర్థం కాకపోతే నేర్చుకోవలసింది నేను. ఇంత చిన్న సంగతి తెలియడానికి ఒక పిల్ల ప్రాణం మీదికి రావలసి వచ్చింది.