పళ్ళు పెట్టుకున్న మొహం

ఆ పొద్దున మేబుల్ గ్లాసులోంచి పళ్ళసెట్టు తీసి, తుడిచి, ఇస్త్రీ రుమాలులో చుట్టింది. ఆమెకు ఏడుపు రాలేదు. భర్త పోయాడని ఆస్పత్రి నుంచి కబురొచ్చినప్పుడు గిన్నెలు కడుగుతోంది. అవి పూర్తిచేసింది.

గుమ్మంలో ఆడపడుచు డోరా ఆపింది.

“అవెక్కడికి వదినా?”

“మీ అన్నయ్యకి.”

“నీకేమన్నా మతిపోయిందా? రేపు చూడ్డానికి బర్న్‌లీ ఊరంతా వస్తుంది. వాళ్ళెరిగింది బోసినోటి ఆల్బీని. పళ్ళు పెడితే ఎవడో అనుకుంటారు!”

మేబుల్ కోటు బొత్తాలు పెట్టుకుంది.

వాళ్ళ కాలంలో పెళ్ళికి ముందు ఆడపిల్లకు పళ్ళన్నీ పీకించి కట్టుడుపళ్ళు పెట్టించేవారు. మొగుడికి ముందుముందు ఆ ఖర్చు ఉండకూడదని. మేబుల్‌కు నాన్న పీకించాడు. వాచిన మొహంతో ఆమె గదిలోంచి రానంది. అది విని పెళ్ళికొడుకు ఆల్బీ హోల్డెన్ వెళ్ళి తనవీ పీకించుకొచ్చాడు. కిటికీ బయట నిలబడి కింది పెదవిని ముక్కు మీదికి ఎక్కించాడు. దవడలు సలుపుతున్నా ఆమె నవ్వింది.

ఆ మొహమే తర్వాత ఆయన పనిచేసే నేతమిల్లులో అందరికీ నచ్చింది. మగ్గాల హోరులో మాట వినపడదు, ఒకరి పెదవులు ఒకరు చూసుకుంటూ మాట్లాడుకోవాలి. ఆల్బీ నోరు మడిస్తే షెడ్డంతా పని ఆగేది. అక్కణ్ణుంచి క్లబ్బులు, బ్లాక్‌పూల్ సముద్రతీరంలో వేదికలు, చివరికి మాంచెస్టర్‌లో సినిమాలు. బస్సు కండక్టరో, పోలీసో, పెళ్ళికొడుకు తాతో, వేషం ఏదైనా కెమెరా ఆయన మొహం దగ్గరికి వచ్చేది, హాలు గొల్లుమనేది. ఆ రకం సినిమాలు పోయాక కొత్త దుకాణాలు తెరవడానికి పిలిచేవారు. వీధిలో ఎవరో ఒకరు “ఒక్కసారి చెయ్యి ఆల్బీ” అనేవారు. చేసేవాడు.

ఇంటి గుమ్మం ముందు మాత్రం ఆగేవాడు. జేబులోంచి పళ్ళు తీసి పెట్టుకునే లోపలికొచ్చేవాడు. పెళ్ళయ్యాక ఇంట్లో ఆ మొహం ఒక్కసారీ చెయ్యలేదు. పొయ్యి దగ్గర కూర్చుని టీ తాగేది కోలమొహం మనిషి, పెద్దగా నవ్వడు. ఆ మనిషిని చూసింది ఆమె ఒక్కతే.

శవపేటికల దుకాణంలో, శవాన్ని సిద్ధం చేసే క్రాబ్‌ట్రీ ఎదురొచ్చాడు.

“రండమ్మా. అందరూ ఇట్టే గుర్తుపట్టేలా ఉంచాను. చూస్తే నవ్వొస్తుంది.”

మేబుల్ రుమాలు విప్పింది. “ఇవి పెట్టండి.”

“అయ్యో, నోరు తెరుచుకోకుండా కుట్టేశానమ్మా.”

“విప్పండి.”

“మొహమే మారిపోతుంది!”

“మారాలి.”

ఆయన రుమాలు అందుకున్నాడు. ఆమె బయట కుర్చీలో, ఒళ్ళో సంచీతో, పని అయ్యేదాకా కూర్చుంది. ఎదురుగా గోడ ఉంది. గోడను చూసింది.

మర్నాడు ఇంట్లో తెరలు దించిన ముందుగదిలో పెట్టె మూత తెరిచి ఉంచారు. ఒక్కొక్కరే లోపలికెళ్ళి, తెల్లబోయి బయటికొచ్చారు. డోరా “చెప్తే విన్నావా” అన్నట్టు చూసింది. మిల్లులో పక్క మగ్గం మీద పనిచేసిన ఫ్రెడ్ వంటగదిలోకి వచ్చాడు, టోపీ చేతిలో నలుపుతూ.

“ఏమనుకోకు మేబుల్. ఇల్లు తప్పి వచ్చానేమో అనుకున్నా. లోపల ఎవరది?”

“మా ఆయన” అంది మేబుల్. టీ కప్పు అందించింది. “చక్కెర వేశాను.”