సూర్రావుగారి వాలు అక్షరాలు

ఏళ్ల తరబడి ఈ బరువు మోస్తున్నాను. ఇంట్లోవాళ్లకి చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

అమలాపురంలో నాది ఫ్లెక్సీ షాపు. కోనసీమలో మీరు ఏ సెంటర్లో నిలబడినా నా పేరు మీదున్న ఫాంటు కనిపిస్తుంది. లావుపాటి అక్షరాలు, గీతంతా ఒకే మందం, సోకులేమీ ఉండవు, ముందుకి వాలి ఉంటాయి. పుట్టినరోజు ఫ్లెక్సీలకీ, ట్యూషన్ సెంటర్లకీ, రొయ్యల మేత బస్తాలకీ అవే. కానీ అవి నావి కావు.

అవి సూర్రావుగారివి. రావులపాలెంలో అరటి గెలల లారీలకి పేర్లు రాసే పెయింటరు. లారీకి కుడిపక్క అక్షరాలు కుడికి వాల్చేవారు, ఎడమపక్క ఎడమకి. ఎటు చూసినా బండితోపాటు అక్షరాలూ ముందుకే పోవాలని ఆయన పట్టుదల. నేను ఆయన ఎదుటే ఫోన్లో ఫొటోలు తీసుకునేవాణ్ణి. ముచ్చటపడుతున్నాననుకుని నవ్వేవారు. నిజంగానే ముచ్చటపడ్డాను. మరి దొంగతనం ఎప్పుడు మొదలైంది? ఫొటో తీసినప్పుడా, ఆ ఫొటో మీద కంప్యూటర్లో గీతలు దిద్దుకుంటూ ఇదీ కష్టమే కదా, ఇందులో నా చెయ్యీ ఉంది కదా అని సర్దిచెప్పుకున్నప్పుడా, చివర్న నా పేరు టైపు చేసినప్పుడా? ఇప్పటికీ తేల్చుకోలేను.

ఒకరోజు ఆయన షాపుకొచ్చారు. గోడకి వేలాడుతున్న ఫ్లెక్సీ ముందు చాలాసేపు నిలబడ్డారు.

“ఈ అక్షరాలు ఎక్కడివండి బాబూ?”

“కంపెనీ ఫాంటండి. ఎప్పట్నుంచో ఉందండి,” అన్నాను.

“ఆయ్,” అన్నారు. “అయితే చిన్నప్పుడు నేనే ఎక్కడో చూసుంటానండి. ఇన్నాళ్లూ నా సొంతమనుకున్నాను. ఎవరో కష్టపడి చేసుకున్నది వాడేసేను, తప్పు కదండీ,” అన్నారు.

ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. దొంగని నేను, సిగ్గుపడింది ఆయన.

ఆ తర్వాత వాలు అక్షరాలు మానేశారు. లారీలవాళ్లు బతిమాలినా నిటారుగానే రాసిచ్చేవారట. రాసినచోట ఓ మూల తన పేరు చిన్నగా వేసుకునేవారు, అదీ మానేశారు. పని తగ్గిపోయింది. ఫ్లెక్సీలొచ్చాక ఎలాగూ తగ్గేదే అని నాకు నేను చెప్పుకున్నాను. పని సంగతి సరే, ఆ పేరు సంగతేమిటి?

మొన్న వేసవిలో ఆయన పోయారు. శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కోసం వాళ్లమ్మాయి నా దగ్గరికే వచ్చింది. ఏ అక్షరాలు పెట్టాలో చూడమని కంప్యూటరు ఆమెవైపు తిప్పాను. ఆ ఫాంటు దగ్గర ఆగింది. గుర్తుపట్టేసిందనుకున్నాను. ఒక్క క్షణం హాయిగా కూడా అనిపించింది.

“ఇవి మాత్రం వద్దండి,” అంది. “ఇవి వేరేవాళ్లవి, మనం వాడకూడదు అనేవోరండి మా నాన్న.”

సరేనమ్మా అన్నాను. నిటారు అక్షరాల్లో ఆయన పేరు వేసిచ్చాను.

ఆమెకి చెప్పే ధైర్యం ఇవాళ్టికీ రాలేదు. వస్తుందని మాటా ఇవ్వలేను. మీకు చెప్పాను, అంతే. ఆ అక్షరాలు సూర్రావుగారివి. ఆయన ఎవరినీ చూసి రాయలేదు.