నిటారు గీత

"ఇంత కష్టమైతే ఈ కోర్సులో ఎందుకు చేరావమ్మా?"

తబస్సుంను అలా అడిగారు బాలశౌరి గారు. 2001లో ఏలూరు రోడ్డులో ఓ మేడ మీద నడిచిన మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ శిక్షణ కేంద్రానికి ఆయన మేనేజరు. డాక్టర్లు చెప్పింది హెడ్‌ఫోన్లో విని తప్పుల్లేకుండా టైపు చేయడం అక్కడ నేర్పే పని. మూడు నెలల శిక్షణ ముగిస్తే ఎనిమిది వేల డిపాజిట్టు వాపసు, ఎంపికైతే ఉద్యోగం. ఆ డిపాజిట్టు కోసం తబస్సుం తండ్రి సిరాజ్ వెల్డింగ్ మిషను అమ్మేసి, ఆటోనగర్లో కూలికి చేరాడు.

గంటకు ఎన్ని వరుసలు సరిగ్గా కొట్టారో వారం వారం గోడ మీది గ్రాఫులో గీసేవారు. తబస్సుం అంతకుముందు కోర్టు బయట దస్తావేజులు టైపు చేసేది. మూడో వారానికే ఆమె గీత నిటారుగా లేచి, అందరి కంటే పైన సమంగా సాగింది. పక్క సీటు శ్రీలలిత గీత చివరిదాకా నిదానంగా ఎక్కుతూనే ఉంది, అయినా అంత ఎత్తు అందుకోలేదు.

బాలశౌరి గారు ఏటా గుణదల కొండ మెట్లెక్కే మనిషి. గ్రాఫులోనూ ఆయనకు కొండే కనబడింది.

"ఎంత నిటారుగా ఉందో చూడు. ఎక్కలేక ఎక్కావు, ఎక్కాక చతికిలబడ్డావు. శ్రీలలితది చూడు, కారు రోడ్డులా ఎంత హాయిగా ఉందో."

"తొందరగా నేర్చుకుంటే గీత అట్లాగే లేస్తుందండీ."

"అదేనమ్మా నేననేది. తొందరపడ్డావు."

"దాని స్పీడు నాకు రాదండీ సార్" అంది శ్రీలలిత.

"నువ్వు ఊరుకోమ్మా. స్నేహం వేరు, ఉద్యోగం వేరు."

శ్రీలలితకు ఉద్యోగం వచ్చింది. తబస్సుంకు మళ్లీ మూడు నెలల శిక్షణ. అది ముగిసేదాకా డిపాజిట్టు వాళ్ల దగ్గరే. ఆమె హెడ్‌ఫోన్ వైరు చుట్టి బల్ల మీద పెట్టింది. కోపం రాలేదు, ఏడుపూ రాలేదు.

అవమానం మనిషిని రాటుదేలుస్తుందని సన్మాన సభల్లో చెబుతుంటారు. తబస్సుంను అదేమీ చేయలేదు. బస్సెక్కేది, దిగేది, పెడితే తినేది. పాత పాఠాలే మళ్లీ కొట్టింది. ఈసారి గీత మొదటి వారం నుంచే పైన, బల్లపరుపుగా ఉంది. దాని పక్కన బాలశౌరి గారు 'ఎదుగుదల లేదు' అని రాశారు.

"నేర్చుకోలేకపోయావా బేటీ?" అన్నాడు సిరాజ్.

"నేర్చుకున్నాను అబ్బా. మూడు వారాల్లోనే."

"మరి?"

"అదే కష్టమనుకున్నారు."

ఆ శిక్షణ ముగియకముందే కేంద్రానికి తాళం పడింది. తబస్సుం తిరిగి కోర్టు బయట కూర్చుంది. 2008లోనూ అక్కడే ఉంది. టైపు మిషను పోయి కంప్యూటరు వచ్చింది. డిపాజిట్టు ఎనిమిది వేలూ ఇంకా రావాలి.