మూడో చరణం దగ్గర ఆరిపోయే లాప్‌టాప్

ఆ ఆదివారం మా చర్చిలో రెండో పాట మూడో చరణంలో ఉండగా తెర మీది అక్షరాలు మాయమయ్యాయి. అప్పటిదాకా గొంతెత్తి పాడిన సంఘం ఒక్కసారిగా మూలుగులోకి దిగింది. మా దగ్గర ఏ పాటకైనా మొదటి రెండు చరణాలు అందరికీ కంఠతా వచ్చు. మూడోదానికి మాత్రం వచ్చినట్టు పెదాలు కదిలిస్తారు. డోలక్ వాయించే అతను ఏం చేయాలో తోచక ఇంకాస్త గట్టిగా వాయించాడు. నేను లాప్‌టాప్ మీద చెయ్యి వేసి చటుక్కున వెనక్కి తీసుకున్నాను. ఇస్త్రీపెట్టెలా కాలుతోంది.

మాది రొంపిచెర్ల దాటాక వచ్చే ఊరు. అక్కడి హైస్కూల్లో నేను సైన్సు చెబుతాను. మా నాన్న వాక్యం బోధించే ఉపదేశిగా పనిచేశారు కాబట్టి మందిరం పనులు నాకు వంటపనుల కంటే ముందు వచ్చాయి. ఆదివారం బడీ, పాటల తెరా నా బాధ్యత. తెర కోసం మా సంఘానికి ఎవరో వాడి వదిలేసిన పాత లాప్‌టాప్ ఒకటి వచ్చింది. దానిలో ముందునుంచీ ఉన్న సిస్టమ్ తెరుచుకునేసరికి మొదటి పాట అయిపోయేది. అందుకని ఆ ఏడాది, తొలి పంట దేవుడికిచ్చే కోత పండుగ అయిన వారంలోనే దాన్ని తీసేసి లినక్స్ అనే ఇంకో సిస్టమ్ ఎక్కించాను. అర నిమిషంలో తెరుచుకుంది. నేను దేవుణ్ణి స్తుతించాను, కాస్త నన్ను నేను కూడా మెచ్చుకున్నాను. రెండోదానికి శిక్ష ఆ ఆదివారమే పడింది.

ఆరాధన అయ్యాక సంఘపెద్ద నా దగ్గరికి వచ్చాడు. నడికుడి జంక్షన్‌లో రైల్వే పని చేసి రిటైరైన మనిషి. ఊళ్లో మా తరం వాళ్లంతా ఆయన్ని పెదనాన్నా అనే పిలుస్తాం.

"అమ్మాయ్, ఇన్నాళ్లూ ఆరిపోలా. ఇప్పుడెందుకు ఆరిపోయింది?"

"వేడెక్కింది పెదనాన్నా. ఎందుకో చూస్తాను."

"బండి ఆగిందంటే ఆఖరున దాని మీద ఎవరు చెయ్యేశారో అడుగుతాం మేము. ఎవరేశారు?"

"నేనే."

"ఏం జేశావ్?"

"లినక్స్ ఎక్కించాను."

"మరింకేంది చూసేది?" అన్నాడు. అంతటితో పోలేదు. లాప్‌టాప్ మళ్లీ ఆన్ చేసేసరికి తెర మీద మనిషంత ఎత్తున లినక్స్ వాళ్ల పెంగ్విన్ బొమ్మ నిలబడింది. "ఆ నల్లపిట్టేంది గుళ్లో?"

"అది లినక్స్ గుర్తు పెదనాన్నా. పెంగ్విన్."

"పావురమంటే అర్థముంది. ఇదెగరను గూడా ఎగరదు."

ఆ సాయంత్రమే పెంగ్విన్‌ని తీసేసి నీలం రంగు పెట్టాను. వేడికీ పిట్టకీ సంబంధం లేదని తెలుసు. అయినా మనసులో మూలన ఎక్కడో, ఒకవేళ, అనిపించింది.

తెర పోతే నాకు పోయేది పరువు మాత్రమే. నిజంగా నష్టపోయేది మూడో వరుసలో కూర్చునే అవ్వ. ఆమె బడి మొహం చూడలేదు. పత్తి తీతకీ మిరప కోతకీ పోతూ వయసంతా గడిపింది. పాటలు మాత్రం చెవిన పడి పడి వందల కొద్దీ వచ్చు. తెర వచ్చాక, తను పాడుతున్న మాటే ఎదురుగా పెద్ద అక్షరాల్లో కనబడుతోందని ఆమె పోల్చుకుంది. ఆదివారం తర్వాత ఆదివారం గాల్లో వేలితో గీస్తూ, తెలిసిన పాటలో తెలియని అక్షరాన్ని పట్టుకుంది. రెండేళ్లలో చదవడం నేర్చేసుకుంది. మేమెవరం నేర్పలేదు. ఆదివారం బడి టీచరుగా ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది. పుస్తకం ఇస్తే మాత్రం చదవలేదు. "చీమలబారే తల్లీ ఇది. నా కళ్లకి గోడంత ఉండాల" అనేది.

స్త్రీల ఆదివారం నాడు మా సంఘంలో ఒక స్త్రీ లేచి బైబిల్ వాక్యపాఠం చదవాలి. ఆ ఏడాది వంతు అవ్వ అడిగి తీసుకుంది. ఎనిమిది వచనాలు. అందరి ముందూ నిలబడి చదవడం ఆమెకు జన్మలో మొదటిసారి. దానికి నాలుగు వారాలుంది. లాప్‌టాప్ ఉంటేనే అది జరుగుతుంది.

మొదటి వారం లినక్స్‌లో ఏ ప్రోగ్రామ్ ఎంత పనిచేస్తోందో చూపించే కమాండ్ కొట్టాను. ఫైళ్లన్నింటికీ జాబితా రాసే ప్రోగ్రామ్ ఒకటి, అడగకుండానే, మూడువేల పాటల్నీ మొదటినుంచి చివరిదాకా చదువుతూ కూర్చుంది. మా సంఘంలో అంత భక్తిగా ఎవరూ చదవలేదు. దాన్ని ఆపేశాను. ఇంట్లో కుట్టుమిషను బల్ల మీద పెట్టి మూడు గంటలు పాటలు తిప్పాను. యాభై ఐదు డిగ్రీలు దాటలేదు. ఆదివారం మందిరంలో మూడో చరణం దగ్గర ఆరిపోయింది.

రెండో వారం పాటల వెనక కదిలే మేఘాలు తీసేశాను. అవి లాప్‌టాప్‌కి అదనపు చాకిరీ. ఇంట్లో మళ్లీ చల్లగా ఉంది. మందిరంలో మళ్లీ ఆరిపోయింది. "మబ్బులు పోయినై గాని మంట పోలా" అన్నాడు పెదనాన్న.

మూడో వారం నరసరావుపేట తీసుకెళ్లాను. రిపేరు షాపతను వెనక మూత విప్పి, ఫ్యాన్‌లోకి బ్లోయర్‌తో గాలి కొట్టాడు. ఎర్రగా పొగ లేచింది. మా మందిరం పక్కనే మిరపకాయలు ఎండబోసే కల్లం ఉంది. ఎండాకాలాల కారం అంతా లోపల పేరుకుంది. అతను తుమ్మాడు, నేను తుమ్మాను, సెల్‌ఫోన్ గ్లాసు మార్పించుకోవడానికొచ్చిన ఆయన తుమ్ముతూ బయటికి పరిగెత్తాడు.

"ఏంది మేడం, దీన్లో పచ్చడి నూరారా?" అన్నాడు షాపతను, కళ్లు తుడుచుకుంటూ.

ఫ్యాన్ శుభ్రం చేసి, ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు గీకి కొత్తది రాశాడు. ఇక నాకు అనుమానం లేదు. కారణం కళ్లారా చూశాను, ముక్కారా కూడా. ఆ ఆదివారం ధీమాగా వెళ్లాను. మూడో చరణం. చీకటి.

మనుషులైతే గుళ్లో చల్లగా ఉండి ఇంటికెళ్లాక కాలుతుంటారు. దీనికి అంతా తిరగబడింది. మా పాస్టరు అయ్యగారు ఆ రోజు దీర్ఘప్రార్థనలో రోగుల తర్వాత, ప్రయాణికుల కంటే ముందు, లాప్‌టాప్‌ని జ్ఞాపకం చేసుకున్నారు. నేను కళ్లు మూసుకుని అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నాను.

పెదనాన్న మాత్రం తేల్చేశాడు. "వచ్చే వారం మొదటి పాట నుంచే తెర పెడదాం. ఆరిపోయిందా, చుట్టేసి బీరువాలో పెట్టి పుస్తకాలు పంచుతా. చలికాలమే ఇట్టా కాలుతుంటే ఎండాకాలం గుడి అంటుకుంటది."

"మరి అవ్వ పాఠం?"

"పుస్తకంలో చదువుద్ది."

అవ్వ వింటూనే ఉంది. శనివారం సాధనకి రమ్మని నాకు చెప్పి వెళ్లిపోయింది.

శనివారం మధ్యాహ్నం అవ్వ సాధన కోసం ఇద్దరం మందిరానికి వెళ్లాం. శనివారం స్త్రీల సమాజం వాళ్లు బల్ల గుడ్డలు ఉతికి, మిగతావి ఎండలో వేస్తారు. లాప్‌టాప్ పెట్టే బల్ల బోసిగా ఉంది. లాప్‌టాప్‌ని ఒట్టి చెక్క మీదే పెట్టి తెర వేశాను. అవ్వ చదవడం మొదలుపెట్టింది. ఒత్తు వచ్చిన చోటల్లా ఆగి, దాన్ని తిట్టి, ముందుకెళ్లేది. గంటన్నర గడిచింది. వేడి చూపించే కమాండ్ కొట్టాను. యాభై ఏడు. మళ్లీ కొట్టాను. యాభై ఏడే. అయ్యగారి ప్రార్థన ఆలకించబడిందని నాకు కళ్లు చెమర్చాయి.

ఇంతలో అవ్వ బయటికెళ్లి ఎండలోంచి దిండు తీసుకొచ్చింది. మెరూన్ వెల్వెట్ దిండు, మీద బంగారు దారంతో సిలువ. కోత పండుగకి స్త్రీల సమాజం కుట్టి అర్పించింది. లోపలి పత్తి అవ్వది. తన అరెకరంలో మొదటి తీత పత్తి విడిగా ఉంచి, గింజలు చేత్తో వలిచి, ప్రథమఫలంగా ఇచ్చింది. వాక్యం ఉన్న వస్తువు ఒట్టి చెక్క మీద ఉండకూడదని మా వాళ్ల పట్టింపు. లాప్‌టాప్‌లోనూ వాక్యమే ఉంది కాబట్టి, అయ్యగారు ప్రార్థన చేసి ఆ దిండుని దానికి ప్రతిష్ఠించారు.

"పెద్దాయన్ని ఇట్టా చెక్క మీద కూర్చోబెడతావా?" అంటూ అవ్వ లాప్‌టాప్ ఎత్తి దిండు మీద పెట్టి, రెండు వైపులా సర్ది, ఒకసారి తట్టింది. అది దిండులోకి మెత్తగా కూరుకుపోయింది.

అరవై ఎనిమిది. డెబ్బై తొమ్మిది. పది నిమిషాలకి తొంభై నాలుగు.

ఉన్నీ, పత్తీ వేడిని బయటికి పోనివ్వవని ఏడో తరగతికి ఏటా పాఠం చెబుతాను. ప్రశ్న కూడా ఇస్తాను. నెలరోజులుగా ఆ దిండు నా కళ్ల ముందే ఉంది. లినక్సూ అదీ ఒకే వారంలో వచ్చాయి. నేను లినక్స్‌ని విప్పి చూశాను, మేఘాల్ని విప్పాను, ఫ్యాన్ విప్పించాను. ప్రతిష్ఠ చేసిన వస్తువుని అనుమానించాలని మాత్రం తోచలేదు.

"ఏమే, మొహం అట్టా పెట్టావేంది?" అంది అవ్వ.

చెప్పక తప్పలేదు. లాప్‌టాప్‌ని తిరగేసి అడుగున ఉన్న సన్నటి చీలికలు చూపించాను. "దీనికి ఊపిరి ఇక్కణ్నుంచి అవ్వా. దిండు వీటిని మూసేస్తోంది."

అవ్వ ఆ చీలికల మీద వేలు పెట్టి చూసింది. "అంటే నా పత్తి పాడుజేసిందా?"

"నీ పత్తి మంచిదే అవ్వా. మరీ మంచిది. వేడిని ఒక్క రవ్వ కూడా వదలట్లా."

"నెల నుంచీ నేనే దాని ముక్కు మూసి, నేనే అది బతకాలని ఉపవాసముంటన్నానా?" అంది. నవ్వుతుందో ఏడుస్తుందో తెలియలేదు. నాకైతే ఆమె ఉపవాసం సంగతి అప్పటిదాకా తెలియదు.

"రేపు పొద్దున్నే ఎవరూ చూడకుండా దిండు తీసేస్తాను" అన్నాను.

"ఎవరూ చూడకుండా ఎందుకు? నువ్వు తీస్తే మీ పెదనాన్న, అర్పించింది తీశావని నీ మీద పడతాడు. ఇచ్చింది నేను. నేను మాట్లాడతా."

మర్నాడు మొదటి పాటకి ముందు అవ్వ మూడో వరుసలోంచి లేచి నేరుగా బల్ల దగ్గరికి నడిచింది. లాప్‌టాప్ ఎత్తి నా చేతుల్లో పెట్టింది. దిండు చంకలో పెట్టుకుంది.

పెదనాన్న లేచాడు. "ఏందత్తా అది? దేవుడికిచ్చింది వెనక్కి తీసుకుంటావా?"

"దేవుడికే ఇచ్చాన్రా అబ్బాయ్. ఈ డబ్బాకి గాదు. దీనికి ఉక్కపోస్తంది." మెట్టు దగ్గర, అందరూ మోకరించే చోట ఆ దిండు వేసింది. "మోకాళ్ల నొప్పులని నాలుగు వారాల్నుంచి కూర్చునే ప్రార్థన జేస్తన్నావ్ గదా. రా, దీని మీద మోకరించు."

సంఘంలో ఎవరో కిసుక్కుమన్నారు. పెదనాన్న అయ్యగారి వైపు చూశాడు. అయ్యగారు నవ్వాపుకుంటూ పాట నంబరు చెప్పారు.

నేను లాప్‌టాప్‌ని ఒట్టి చెక్క మీద పెట్టాను. మొదటి పాట అయింది. రెండో పాట మూడో చరణం వచ్చేసరికి సంఘం అలవాటుగా తెరని వదిలి నన్ను చూసింది. పెదనాన్న ఒళ్లో పుస్తకాల కట్ట సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నాడు. చరణం అయిపోయింది. నాలుగోది కూడా అయిపోయింది. ఆ పాటకి నాలుగో చరణం ఉందని చాలామందికి ఆ రోజే తెలిసింది.

తర్వాత అవ్వ లేచింది. తెర మీద ఎనిమిది వచనాలు, ఒక్కో పేజీకి ఒక్కటి చొప్పున, ఎంత పెద్దవి పెట్టగలనో అంత పెద్దగా పెట్టాను. కొంగు సర్దుకుని మొదలుపెట్టింది. ఒక్కో మాటని చేతిలోకి తీసుకుని బరువు చూసినట్టు చదివింది. ఒత్తు దగ్గర ఆగినప్పుడు ఎవరూ అందించలేదు. అందిస్తే ఊరుకోదని అందరికీ తెలుసు. ఐదో వచనంలో తప్పు చదివి, "ఆగండి" అని సంఘానికి చెప్పి, మళ్లీ మొదటినుంచి చదివింది. పెదనాన్న పుస్తకాల కట్ట ఎప్పుడు కింద పెట్టాడో నేను చూడలేదు.

ఎనిమిదో వచనం ముగిసేసరికి ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. అయ్యగారు గడియారం చూసుకుని, తెచ్చుకున్న కాగితాల్లో సగం మడిచి జేబులో పెట్టుకుని, పది నిమిషాల్లో ప్రసంగం ముగించారు. ఈ మధ్యకాలంలో ఇంత మంచి ప్రసంగం వినలేదని బయటికొస్తూ చాలామంది అన్నారు.